కాపీ చేసింది ఒకటి... వచ్చింది ఒకటి!

కంట్రోల్‌-సి, కంట్రోల్‌-వి. కంప్యూటర్‌ ముందు కూర్చుంటే రోజుకు పదిసార్లు చేసే పని. తొమ్మిదిసార్లు బాగానే ఉంటుంది. పదోసారి మొరాయిస్తుంది. మళ్లీ కొడితే పనిచేస్తుంది. ‘పోనీలే’ అనుకుని వదిలేస్తాం. కానీ, ఆ పదోసారి అతికించింది బ్యాంకు ఖాతా నంబరైతే?

రాత్రి తొమ్మిదిన్నర. హాల్లో కంప్యూటర్‌ ముందు కూర్చుని, కడుతున్న ఇంటి తాలూకు డబ్బులు పంపుతున్నారు మాస్టారు. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఎవరికి ఎంతిచ్చిందీ ఎక్సెల్‌లో పద్దు రాసుకోవడం ఆయన అలవాటు. ఖాతా నంబర్లూ అందులోనే ఉంటాయి. పావుగంట క్రితమే సిమెంటు కొట్టుకు పంపారు. ఇప్పుడు వడ్రంగి మేస్త్రీ వంతు. తలుపులూ కిటికీలకు 35 వేలు. మేస్త్రీ నంబరున్న గడి మీద క్లిక్‌ చేసి కాపీ కొట్టారు. బ్యాంకు పేజీలోకి వచ్చి పేస్ట్‌ కొట్టారు. నంబరు పడింది. ‘మరోసారి నమోదు చేయండి’ అన్న గడిలోనూ అదే కొట్టారు. రెండూ సరిపోయాయి. ఇక ఓటీపీ రావడమే తరువాయి.

మంచినీళ్ల గ్లాసు పెట్టడానికొచ్చిన కూతురు తెర వంక చూసింది.

‘‘ఆగు నాన్నా! మేస్త్రీది 47తో కదా అయ్యేది? ఇదేంటి, 12 అనుంది?’’

చూస్తే అది సిమెంటు కొట్టు నంబరు! రెండు ఖాతాలూ ఊళ్లోని ఒకే బ్రాంచీవి. కాబట్టి ఐఎఫ్‌ఎస్‌సీ దగ్గరా తేడా పట్టుబడలేదు. నంబరు రెండుసార్లు అడిగేది తప్పు దొర్లకూడదనే. కానీ, రెండుసార్లూ అతికించింది ఒకే తప్పు నంబరైతే... రెండూ చక్కగా సరిపోతాయి మరి!

మాస్టారు మళ్లీ కాపీ చేశారు. ఈసారి సరిగ్గానే వచ్చింది. మరోసారి చేశారు. వచ్చింది. కూతురు పక్కనుండగా పదిసార్లు చేసినా వేలెత్తి చూపడానికి లేదు. డాక్టరు గది ముందు కూర్చోగానే మాయమయ్యే పంటినొప్పిలా!

చాలా ఇళ్లలో కంప్యూటర్‌ పెట్టే తంటా ఇదే. పూర్తిగా చెడిపోతే మెకానిక్‌కి చూపించొచ్చు. ‘అప్పుడప్పుడూ’ చెడిపోయేదాన్ని ఎవరికి చూపిస్తాం?

కత్తెర కనిపించేది... ఇది కనిపించదు!

కత్తిరించి అతికించడం కంప్యూటర్‌ కనిపెట్టిన విద్యేం కాదు. ప్రచురణ సంస్థల్లో, పత్రికాఫీసుల్లో ఒకప్పుడు నిజంగానే కత్తెరా జిగురూ ఉండేవి. అచ్చయిన మేటర్‌ను కాలమ్‌లుగా కత్తిరించి, పేజీ సైజు కాగితం మీద అతికించేవారు. ఆ పనినే తెర మీదికి తెచ్చినవాళ్లు ల్యారీ టెస్లర్‌, టిమ్‌ మాట్‌. కాలిఫోర్నియాలోని జిరాక్స్‌ పరిశోధన కేంద్రం ‘పార్క్‌’లో 1970ల మధ్యలో వాళ్లిద్దరూ ‘జిప్సీ’ అనే రాత ప్రోగ్రామును తయారుచేశారు. టెస్లర్‌ 1980లో యాపిల్‌కు వెళ్లారు. 1983లో వచ్చిన ఆ కంపెనీ ‘లీసా’ కంప్యూటర్‌తో కట్‌, కాపీ, పేస్ట్‌లు ఎక్స్‌, సి, వి మీటల మీదికి చేరాయి. కీబోర్డు మీద అవి పక్కపక్కనే ఉంటాయి. పైగా ఎక్స్‌ అక్షరం కత్తెరలా ఉంటుంది. తర్వాత విండోస్‌ కూడా అవే మీటల్ని తీసుకుంది. కోట్లమందికి ఈ సుఖాన్నిచ్చిన టెస్లర్‌ 74 ఏళ్ల వయసులో 2020 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

అయితే కత్తెరకూ కంప్యూటర్‌కూ ఒక్క తేడా. కత్తిరించిన కాగితం చేతిలో ఉందో లేదో కంటికి కనిపించేది. కంప్యూటర్‌లో కాపీ అయిందో లేదో కనిపించదు. టింగుమని గంట కొట్టదు. దీపం వెలగదు. ‘కాపీ కొట్టాను కాబట్టి అయ్యే ఉంటుంది’ అన్న నమ్మకమే ఆధారం. గొడవంతా ఆ నమ్మకంతోనే!

తరగతికి ఒకే పలక

కాపీ చేసింది వెళ్లి కూర్చునే చోటు పేరు క్లిప్‌బోర్డు. ఒకటో తరగతి గదిలో పిల్లలందరికీ కలిపి ఒకే ఒక్క పలక ఉందనుకోండి... క్లిప్‌బోర్డు అచ్చం అలాంటిదే. ఆ పలకకు మూడు నియమాలు.

మొదటిది: కొత్తది రాయాలంటే పాతది చెరపాలి. కాపీ కొట్టిన ప్రతిసారీ జరిగేది ఇదే. కానీ ఏ కారణంతోనైనా కొత్తది రాయడం కుదరకపోతే, పలక మీద పాతదే ఉండిపోతుంది. పేస్ట్‌ కొట్టగానే అదే ఊడిపడుతుంది. మాస్టారి తెర మీద సిమెంటు కొట్టు నంబరు ప్రత్యక్షమవడం వెనకున్న రహస్యం ఇదే. ఏమీ రాకపోతే కనీసం తెలుస్తుంది. పాతది వస్తేనే ప్రమాదం.

రెండోది: ఒకరి చేతిలో ఉండగా ఇంకొకరు పలక ముట్టుకోకూడదు. విండోస్‌లో ఏ ప్రోగ్రాము అయినా క్లిప్‌బోర్డును తెరవాలి, పని చూసుకోవాలి, మూసెయ్యాలి. అది మూసేదాకా మిగతావాళ్లు ఆగాల్సిందే. మామూలుగా ఇదంతా కంటిరెప్ప కొట్టేలోపు అయిపోతుంది. సరిగ్గా ఆ క్షణంలోనే మీరు కాపీ కొడితే... ‘ఇప్పుడు కుదరదు’ అన్న జవాబు వస్తుంది. మీకు కాదు, మీరు వాడుతున్న ప్రోగ్రాముకు! బుద్ధిగా రాసిన ప్రోగ్రాములు ఒక్క క్షణం ఆగి మళ్లీ అడుగుతాయి. కొన్ని తెర మీద చిన్న సందేశం పెడతాయి. మరికొన్ని నోరు మెదపకుండా ఊరుకుంటాయి.

మూడోది: పలక మీద కొందరు విషయం రాయరు, హామీ మాత్రమే రాస్తారు. ‘సరుకు నా దగ్గరే ఉంది, అడిగినప్పుడు ఇస్తా’ అని. పెద్దపెద్ద పట్టికల్ని కాపీ చేసినప్పుడు జ్ఞాపకశక్తి వృథా కాకుండా చేసే ఏర్పాటిది. అడిగేలోపే ఆ హామీ ఇచ్చిన ప్రోగ్రాము హఠాత్తుగా మూతపడితే ఇచ్చేవాళ్లు ఉండరు. పెద్ద పట్టికను కాపీ చేసి ఎక్సెల్‌ను మూయబోతే ‘క్లిప్‌బోర్డులో చాలా సమాచారం ఉంది, ఉంచమంటారా?’ అని అడిగేది అందుకే. చదవకుండా ‘నో’ కొట్టేవాళ్లే ఎక్కువ!

కాకి వాలింది... తాటిపండు పడింది

మాస్టారి ఇంట్లో అది మొదటిసారేం కాదు. రెండు నెలలుగా నడుస్తున్న భాగోతమే. మొదట కీబోర్డును అనుమానించారు. కొత్తది కొన్నారు. రెండ్రోజులు బ్రహ్మాండంగా ఉంది. మూడోరోజు మళ్లీ మామూలే. తర్వాత మౌస్‌ మార్చారు. నాలుగు రోజులు బాగుంది. ఎవరో చెప్పారని యాంటీవైరస్‌ స్కాన్‌ చేయించారు. ఒక రోజు బాగుంది.

కాకి వాలగానే తాటిపండు రాలితే, ఆ ఘనత కాకిదే అనుకుంటాం. కాకతాళీయం అన్న మాటే అలా పుట్టింది. అప్పుడప్పుడూ వచ్చే లోపం కూడా మనల్ని ఇలాగే బోల్తా కొట్టిస్తుంది. అది తనంతట తానే మాయమైన వేళకు మనం చివరగా ఏం చేసి ఉంటే, ఆ పనికే పేరొస్తుంది.

దీనికి లెక్క కూడా ఉంది. సగటున రోజుకోసారి, ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే లోపం ఉందనుకుందాం. ఏమీ చేయకపోయినా ఇంచుమించు మూడు రోజులకో రోజు అది దానంతటదే రాకుండా పోతుంది. కాబట్టి ఒక్కరోజు బాగున్నంత మాత్రాన ‘బాగైపోయింది’ అనడానికి లేదు. ఏమీ చేయకుండానే వరసగా మూడు రోజులు రాకుండా ఉండే అవకాశం మాత్రం ఇరవైలో ఒక వంతే. అంటే, ఏ మందు వేసినా కనీసం మూడు రోజులు చూశాకే నమ్మాలి. రెండు మందులు ఒకేసారి వేయకూడదు. వేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

కాపీ కాలేదా? పేస్ట్‌ కాలేదా?

ముందు తేల్చాల్సింది ఇది. ‘కాపీ పేస్ట్‌ పనిచేయడం లేదు’ అంటాం కానీ, అవి రెండు వేర్వేరు పనులు. తప్పు ఒకదానిలోనే ఉంటుంది.

అందుకు తేలికైన పరీక్ష నోట్‌ప్యాడ్‌. లోపం వచ్చిన వెంటనే, మళ్లీ కాపీ కొట్టకుండా, నోట్‌ప్యాడ్‌ తెరిచి అందులో పేస్ట్‌ కొట్టండి. మీరు కాపీ చేసింది సరిగ్గా వస్తే, కాపీ పని పూర్తయినట్టే. తప్పు అతికించే చోట ఉంది. పాతది వచ్చినా, ఏమీ రాకపోయినా కాపీయే కాలేదు. తొందరపడి మళ్లీ కాపీ కొట్టేస్తే మాత్రం చేతికొచ్చిన ఆధారాన్ని చెరిపేసుకున్నట్టే.

విండోస్‌ 10, 11 వాడేవారికి మరో సదుపాయం ఉంది. 2018 అక్టోబరు అప్‌డేట్‌ నుంచి విండోస్‌ మీట పట్టుకుని వి నొక్కితే, ఈమధ్య కాపీ చేసినవన్నీ జాబితాగా కనిపిస్తాయి. మొదటిసారి నొక్కినప్పుడు ‘టర్న్‌ ఆన్‌’ అని అడుగుతుంది. 25 దాకా గుర్తుపెట్టుకుంటుంది. కంప్యూటర్‌ను రీస్టార్ట్‌ చేస్తే, పిన్‌ చేసినవి తప్ప మిగతావి పోతాయి. కాపీ కొట్టాక ఈ జాబితా తెరిస్తే, కొత్తది పైన ఉందో లేదో కంటికి కనిపిస్తుంది. పోగొట్టుకున్న కత్తెర మళ్లీ దొరికినట్టే! ఒక్క జాగ్రత్త... కాపీ చేసిన పాస్‌వర్డులూ అందులో కనిపించొచ్చు. ఇంటిల్లిపాదీ వాడే కంప్యూటరైతే పని కాగానే ‘క్లియర్‌ ఆల్‌’ కొట్టడం మంచిది.

కాపీయే కావడం లేదని తేలిందా? తర్వాతి అనుమానం మీటల మీద. మౌస్‌ కుడి బటన్‌ నొక్కి, మెనూలో ‘కాపీ’ ఎంచుకుని చూడండి. అలా చేస్తే ఎప్పుడూ తప్పడం లేదంటే నేరం కీబోర్డుదే. కంట్రోల్‌ మీట సరిగా తగలకపోతే చాలాసార్లు ఒక గుర్తు కనిపిస్తుంది. ఎంచుకున్న వాక్యం మాయమై, దాని స్థానంలో ఒంటరిగా ‘సి’ అనే ఇంగ్లిషు అక్షరం పడుతుంది. పేస్ట్‌ కొట్టినప్పుడైతే ‘వి’ పడుతుంది. అలా జరిగితే కంగారుపడకుండా కంట్రోల్‌-జెడ్‌ కొడితే పోయిన వాక్యం తిరిగొస్తుంది. కుడిచేతి వైపున్న రెండో కంట్రోల్‌ మీటతో ప్రయత్నించండి. విండోస్‌ తొలినాళ్ల నుంచీ ఉన్న కంట్రోల్‌-ఇన్సర్ట్‌తో కాపీ, షిఫ్ట్‌-ఇన్సర్ట్‌తో పేస్ట్‌ ఇప్పటికీ చాలా ప్రోగ్రాముల్లో పనిచేస్తాయి.

మౌస్‌ కూడా తక్కువదేం కాదు. ఎడమ బటన్‌ అరిగిపోతే ఒక్క క్లిక్‌ రెండు క్లిక్కులవుతుంది. ఎంచుకున్న వాక్యం కాస్తా జారిపోతుంది. ఏదీ ఎంచుకోకుండా కాపీ కొడితే చాలా ప్రోగ్రాముల్లో ఏమీ జరగదు. పలక మీద పాతదే ఉంటుంది. కాబట్టి కాపీ కొట్టే ముందు ఆ నీలం పట్టీ ఇంకా ఉందో లేదో చూడాలి.

పలక పట్టుకున్నదెవరు?

కీబోర్డు, మౌస్‌ నిర్దోషులని తేలితే అసలు దర్యాప్తు మొదలైనట్టు. ఎవరో పలకను లాక్కుంటున్నారు. ఎవరది?

కాపీ చేసిన ప్రతిదాన్నీ తొంగిచూసే ప్రోగ్రాములు చాలానే ఉంటాయి. సినిమా లింకు కాపీ చేయగానే ‘డౌన్‌లోడ్‌ చేయనా?’ అంటూ పైకొచ్చే డౌన్‌లోడ్‌ మేనేజర్లు, పదం కాపీ చేస్తే అర్థం చెప్పే నిఘంటువులు, అనువాద యాప్‌లు, పాతవన్నీ దాచిపెట్టే క్లిప్‌బోర్డు మేనేజర్లు, స్క్రీన్‌షాట్‌ తీసేవి, కంప్యూటర్‌నూ ఫోన్‌నూ కలిపేవి... ఇవేవీ దొంగలు కావు. ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. కానీ పలక ఒక్కటే కావడంతో ఎప్పుడో ఒకసారి ఢీకొంటారు. ‘అప్పుడప్పుడూ’ అన్నది అక్కడి నుంచే వస్తుంది.

ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగుల ఇళ్లలో ఇంకో అనుమానితుడుంటాడు. రిమోట్‌ డెస్క్‌టాప్‌తో ఆఫీసు కంప్యూటర్‌లోకి వెళ్లినప్పుడు, ఇక్కడ కాపీ చేసింది అక్కడా అక్కడ చేసింది ఇక్కడా అతికేలా రెండు పలకల్నీ కలిపే ప్రోగ్రాము ఒకటి నడుస్తుంది. పేరు ఆర్‌డీపీ క్లిప్‌. అది బిగుసుకుపోతే రెండు కంప్యూటర్ల మధ్య కాపీ పేస్ట్‌ ఆగిపోతుంది. తెగ్గొట్టి మళ్లీ కనెక్ట్‌ అయితే చాలాసార్లు సర్దుకుంటుంది. లేదంటే అవతలి కంప్యూటర్‌ టాస్క్‌ మేనేజర్‌లో దాన్ని ఆపి, ‘రన్‌’లో పేరు కొట్టి మళ్లీ నడిపించాలి.

బ్రౌజర్‌లో మాత్రమే సమస్య వస్తోందా? అయితే ఎక్స్‌టెన్షన్ల సంగతి చూడాలి. ఇన్‌కాగ్నిటో కిటికీలో మామూలుగా అవి పనిచేయవు. అక్కడ బాగుండి, ఇక్కడ బాగోలేదంటే వాటిలోనే ఒకటి చెయ్యి పెడుతోందని అర్థం.

అనుమానితులు పదిమందుంటే ఒక్కొక్కరినీ విచారించనక్కర్లేదు. వినాయక చవితి పందిరికి కట్టిన సీరియల్‌ లైట్లలో ఎక్కడ తెగిందో వెతికే ఎలక్ట్రీషియన్‌ ఏం చేస్తాడు? సగం దగ్గర పరీక్షిస్తాడు. తప్పు ఈ సగంలోనా, ఆ సగంలోనా అని తేల్చుకుంటాడు. మళ్లీ అందులో సగం. ఇక్కడా అంతే. కంట్రోల్‌-షిఫ్ట్‌-ఎస్కేప్‌ నొక్కితే టాస్క్‌ మేనేజర్‌ వస్తుంది. అందులో ‘స్టార్టప్‌’ విభాగంలో కంప్యూటర్‌తోపాటే లేచే ప్రోగ్రాముల పట్టీ ఉంటుంది. యాంటీవైరస్‌ జోలికి వెళ్లకుండా, మిగతావాటిలో సగాన్ని ‘డిజేబుల్‌’ చేసి, రీస్టార్ట్‌ చేసి మూడు రోజులు వాడండి. లోపం పోయిందంటే అపరాధి ఆపేసిన సగంలో ఉన్నట్టు. మళ్లీ వచ్చిందంటే నడుస్తున్న సగంలో ఉన్నట్టు. ఎనిమిది ప్రోగ్రాములుంటే మూడే మూడు విడతల్లో దొరికిపోతుంది.

రీస్టార్ట్‌ చేస్తేనో, టాస్క్‌ మేనేజర్‌లో ‘విండోస్‌ ఎక్స్‌ప్లోరర్‌’ను రీస్టార్ట్‌ చేస్తేనో అప్పటికి బాగైపోవచ్చు. అయితే అది తలనొప్పికి మాత్ర వేసుకోవడం లాంటిదే. మాత్రతో తగ్గింది కదాని జబ్బు నయమైనట్టు కాదు.

ఇవి తప్పులు కావు

కొన్నిసార్లు కంప్యూటర్‌ది ఏ తప్పూ ఉండదు. అనవసరంగా తిట్లు తింటుంది. ఎక్సెల్‌లో గడిని కాపీ చేస్తే దాని చుట్టూ చుక్కల గీత చీమల బారులా కదులుతుంది. ఆ చీమలు నడుస్తున్నంత సేపే ఎక్సెల్‌లో ఆ గడిని అతికించగలం. మధ్యలో ఎస్కేప్‌ నొక్కితే బారు చెదిరిపోతుంది. గడి కాపీ కూడా దాంతోనే పోతుంది.

బ్యాంకు పేజీల్లో చాలావాటిలో ఖాతా నంబరును రెండోసారి అడిగే గడి పేస్ట్‌ను ఒప్పుకోదు. అది కావాలని పెట్టిన అడ్డుకట్ట. రెండోసారి చేత్తో కొట్టిస్తే, మాస్టారు చేసిన లాంటి తప్పు అక్కడే పట్టుబడుతుంది. కాపీ చేయడానికి వీల్లేకుండా తాళం వేసిన పీడీఎఫ్‌లూ ఉంటాయి.

ఇక తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో చేయించిన శుభలేఖ మేటర్‌ను కాపీ చేసి మెయిల్‌లో అతికిస్తే, తెలుగు బదులు ఇంగ్లిషు అక్షరాలూ వింత గుర్తులూ కలగాపులగంగా పడతాయి. కాపీ పాడైంది అనుకుంటారు. నిజానికి కాపీ సరిగ్గానే అయింది. పాత పద్ధతి ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన సంకేతాల మీదే తెలుగు రూపాల్ని కూర్చోబెట్టారు. ఫాంటు అనే ముసుగు తీసేస్తే లోపలున్న సంకేతాలు బయటపడతాయి. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలున్నాయి. అందుకే పాత మేటర్‌ను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేసి, ఆ తర్వాత అతికించాలి.

దొంగ చెయ్యి పెడితే...

అన్నీ అమాయకపు ఢీకొట్టుళ్లే అనుకోవడానికీ లేదు. పలకను మార్చేసే దొంగ ప్రోగ్రాములు నిజంగానే ఉన్నాయి. వాటిని క్లిప్పర్లంటారు. క్రిప్టో కరెన్సీ వాలెట్‌ చిరునామాను కాపీ చేయగానే గుర్తుపట్టి, దాని స్థానంలో దొంగ చిరునామాను రాసేస్తాయి. ఆ చిరునామాలు పొడవాటి అక్షరాల గొలుసులు. ఎవరూ మొత్తం చదవరు. దొంగల ధైర్యమూ అదే. 2019లో ఇలాంటిది ఒకటి గూగుల్‌ ప్లే స్టోర్‌లోనూ బయటపడింది.

మామూలు లోపానికీ దొంగతనానికీ తేడా పట్టడం కష్టం కాదు. లోపమైతే ఏమీ రాదు, లేదంటే మీరు ఇంతకుముందెప్పుడో కాపీ చేసిందే వస్తుంది. మీరు ఎన్నడూ కాపీ చేయని నంబరో చిరునామానో ఊడిపడితే మాత్రం చేస్తున్న పని ఆపేయండి. ఆ కంప్యూటర్‌లో డబ్బు లావాదేవీలు మానేసి, ముందు వైరస్‌ పరీక్ష చేయించండి.

2024 నుంచి ఇంకో మోసం బాగా ప్రబలింది. ‘మీరు మనిషేనని నిరూపించుకోండి’ అంటూ ఒక పేజీ వస్తుంది. బటన్‌ నొక్కగానే మీకు తెలియకుండా పలక మీద ఒక ఆదేశం రాసేస్తుంది. తర్వాత ‘విండోస్‌ మీట, ఆర్‌ నొక్కండి. కంట్రోల్‌-వి కొట్టండి. ఎంటర్‌ నొక్కండి’ అంటుంది. చెప్పినట్టు చేస్తే దొంగకు మీ చేత్తో మీరే తలుపు తీసినట్టు. ఏ నిజమైన వెబ్‌సైటూ మనిషో కాదో తేల్చుకోవడానికి అలా చేయమని అడగదు.

పేరు చదివారా?

పొరపాటున డబ్బు వేరే ఖాతాకు వెళితే వెనక్కి తెచ్చుకోవడం తేలిక కాదు. వెంటనే బ్యాంకుకు చెప్పాలి. అవతలి ఖాతాదారు ఒప్పుకోవాలి. ఆన్‌లైన్‌ బదిలీలో డబ్బు నడిచేది మనం టైపు చేసిన పేరును బట్టి కాదు, నంబరును బట్టి. ఈ తిప్పలు తగ్గించడానికే నెఫ్ట్‌, ఆర్‌టీజీఎస్‌ బదిలీల్లో పంపేముందు అవతలి ఖాతాదారు పేరు చూసుకునే సదుపాయాన్ని 2025 ఏప్రిల్‌ 1కల్లా కల్పించాలని రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరులో బ్యాంకులను ఆదేశించింది. అయితే సదుపాయం ఉంటే సరిపోదు. ఆ పేరు చదవాలి!

పుస్తకంలో దొరికిన దొంగ

ఇంతకీ మాస్టారి ఇంట్లో ఏమైంది?

ఆ రాత్రి కూతురు ఒక పాత నోటుబుక్కు తెచ్చి కంప్యూటర్‌ పక్కన పెట్టింది. నాలుగు గళ్లు గీసింది. ఎప్పుడు తప్పింది, ఎక్కడి నుంచి ఎక్కడికి, వచ్చింది పాతదా ఖాళీయా, అప్పుడు ఇంకా ఏమేం తెరిచి ఉన్నాయి. ‘‘బాగుచేయడానికి ఏమీ చేయొద్దు నాన్నా. ఊరికే రాస్తూ ఉండు’’ అంది.

పదకొండు రోజుల్లో తొమ్మిదిసార్లు తప్పింది. తొమ్మిదీ రాత్రి ఎనిమిది దాటాకే. పగలు ఒక్కటీ లేదు. నాలుగో గడిలో తొమ్మిదిసార్లూ ఉన్న పేరు ఒక్కటే... ఇంటర్‌ చదివే తమ్ముడు సినిమాల కోసం పెట్టుకున్న డౌన్‌లోడ్‌ మేనేజర్‌. వాడు ట్యూషన్‌ నుంచి వచ్చి దాన్ని తెరిచి వదిలేసేవాడు. అది కాపీ చేసిన ప్రతిదాన్నీ ‘లింకేమో’ అని తొంగిచూసేది.

‘‘నాన్నా, కాపీ కొట్టినప్పుడు తెర మీద ఏమైనా డబ్బా వచ్చేదా?’’ అడిగింది కూతురు.

‘‘ఆ, ఏదో వచ్చేది. ఎంటర్‌ కొట్టేసేవాణ్ని’’ అన్నారు మాస్టారు.

ఆ ‘ఏదో’... క్లిప్‌బోర్డును ఖాళీ చేయడం కుదరడం లేదు, మరో ప్రోగ్రాము వాడుతున్నట్టుంది అని ఎక్సెల్‌ పెట్టుకున్న మొర! రెండు నెలలుగా అపరాధి జాడ చెబుతూనే ఉంది. చదివేవాళ్లే లేరు.

డౌన్‌లోడ్‌ మేనేజర్‌ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, క్లిప్‌బోర్డును గమనించే చోట టిక్కు తీసేశారు. మూడు రోజులు ఒక్కసారీ తప్పలేదు. మాస్టారు అక్కడితో ఆగలేదు. కాకి సంగతి తేల్చాలిగా! మళ్లీ టిక్కు పెట్టించారు. రెండో రాత్రికే సిమెంటు బదులు ఇసుక లెక్క వచ్చిపడింది. టిక్కు తీసేశారు. ఇంక రాలేదు. తమ్ముడి సినిమాలకూ ఏ లోటూ రాలేదు. లింకును తనే అతికిస్తున్నాడు, అంతే.

వడ్రంగి మేస్త్రీకి డబ్బు అందింది. తలుపులు నిలబడ్డాయి. మాస్టారు మాత్రం ఇప్పటికీ డబ్బు పంపే ముందు ఖాతా నంబరు చివరి నాలుగు అంకెల్నీ బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు పైకి చదువుతారు. వంటింట్లోంచి ‘‘సరిపోయిందండీ!’’ అన్న మాట వినిపించాకే ఓటీపీ కొడతారు.

మొరాయిస్తే... ఇలా!

* డబ్బు, దరఖాస్తు, హాల్‌టికెట్‌ నంబర్లు అతికించాక చివరి నాలుగు అంకెలు అసలుతో పోల్చి చూడండి.

* లోపం ఉన్నన్నాళ్లూ ‘కట్‌’ వాడొద్దు. కాపీ చేసి, అతికించింది సరిగ్గా ఉందని చూశాక పాతదాన్ని తుడవండి. కట్‌ చేసింది పోతే వెంటనే కంట్రోల్‌-జెడ్‌ కొట్టండి.

* తప్పిన వెంటనే నోట్‌ప్యాడ్‌లో పేస్ట్‌ కొట్టి చూడండి. కాపీ తప్పిందో, పేస్ట్‌ తప్పిందో తేలిపోతుంది.

* కుడి క్లిక్‌తో పనిచేసి, మీటలతో చేయకపోతే కీబోర్డును అనుమానించండి. రెండింటితోనూ తప్పుతుంటే నడుస్తున్న ప్రోగ్రాముల్ని చూడండి.

* ఒకసారికి ఒక్క మార్పే. మూడు రోజులు చూశాకే తర్వాతిది.

* తెర మీద ఏ సందేశం వచ్చినా చదివాకే ఎంటర్‌!